ఆరు నలభై రైలు

మునిరామయ్య ప్రతి ఉదయం రాని రైలుకు ఆలస్యం ప్రకటించేవాడు. ఆయనకున్న పిచ్చి అదొక్కటే. తక్కిన విషయాల్లో నాగరాజకండ్రిగ మొత్తమ్మీద ఆయనంత తెలివైనవాడు లేడని, ఆయన్ను చూసి నవ్వేవాళ్లు కూడా ఒప్పుకునేవారు.

తెల్లారకముందే బావి దగ్గర స్నానం. నొసటన నిలువు నామం. ఒక చేతిలో చెంబుడు నీళ్లు, రెండో చేతిలో సుద్దముక్క, చంకలో ఎర్రజెండా. అట్లా బయలుదేరి రోడ్డు వారనున్న సర్వే రాయి దగ్గరికి వచ్చి, దాన్ని శుభ్రంగా కడిగి, తిరుమల కొండ ఉన్న దిక్కుకు తిరిగి మూడుసార్లు గోవిందనామం చెప్పి, నిలువుగా పాతిన రెండు రాతికూసాల మధ్య వేలాడగట్టిన నల్లబల్ల మీద రాసేవాడు:

"ఆరు నలభై రైలు. ఆలస్యం తొమ్మిదేళ్ల నాలుగు నెలల పదకొండు రోజులు. ప్రయాణికులు ఓపిక పట్టవలెను."

అక్కడ స్టేషను లేదు. పట్టాలు లేవు. పట్టాల కింద పరిచే కంకర కూడా లేదు. చిత్తూరు నుంచి మామిడితోపుల మధ్యగా పద్దెనిమిది కిలోమీటర్ల లైను పొడిగించి, రెండు పెట్టెల చిన్న రైలుబస్సు నడుపుతామని ఎప్పుడో పెద్దవాళ్లు చెప్పారు. ఆ మాటకు గుర్తుగా మిగిలింది ఈ రాయొక్కటే.

రోడ్డుకు అవతలి పక్క వసారాలో పోస్టాఫీసు నడిపే జయరావుకు ఈ తతంగమంతా కూర్చున్న చోటికే కనబడేది. జయరావు చర్చికి తప్పకుండా పోయే మనిషి. అబద్ధమాడడు. కాబట్టి ఆ బల్లమీద రాసినది నిజమా అబద్ధమా అన్న ప్రశ్న ఊళ్లో అందరికన్నా ఎక్కువగా ఆయన్నే వేధించేది.

"పెద్దాయనా, రైలే లేకపోతే లేటెట్ట అవుతాది?" అని ఒకరోజు అడిగేశాడు.

"వస్తానన్నది వచ్చిందా?"

"రాలేదు."

"మరి లేటే గదప్పా!"

జయరావు ఆ రాత్రంతా ఆలోచించాడు.

ఈ కథ తొంభై ఒకటిలో మొదలైంది. ఆ వేసవిలో సర్వే వాళ్లు వచ్చి పదకొండు రోజులు ఊళ్లో మకాం వేశారు. ఎకరా చేను, అయిదు మామిడిచెట్లు తప్ప మరో వ్యాపకం లేని మునిరామయ్య, వాళ్లు పిలవకుండానే వెళ్లి కొలత గొలుసు పట్టుకున్నాడు. ఎర్రా తెలుపూ పట్టీల కర్ర మోశాడు. ఎండకు ఇంజనీరు కళ్లు తిరిగి పడబోతే రాగి అంబలి తాగించాడు. పదకొండో రోజున ఆ ఇంజనీరు జీపెక్కుతూ, మిగిలిపోయిన ఎర్రజెండా ఒకటి ఆయన చేతికిచ్చి నవ్వుతూ అన్నాడు: "మునిరామయ్యా, ఈ రాయి జాగ్రత్త. స్టేషను వచ్చేది ఇక్కడే. తొంభై మూడు ఉగాదికల్లా రైలు నడుస్తుంది. అందాకా స్టేషన్ మాస్టరువి నువ్వే!"

జీపు ధూళిలో కలిసిపోయింది. ఇంజనీరు ఆ మాటను చిత్తూరు చేరేలోపే మరిచిపోయి ఉంటాడు. మునిరామయ్య మాత్రం దాన్ని ఉద్యోగపు ఉత్తర్వుగా తీసుకున్నాడు. కాగితం అడగలేదు. పెద్దమనిషి నోటితో చెప్పాక కాగితమెందుకు?

తొంభై మూడు ఉగాది వచ్చింది. ఆయన కొత్త పంచె కట్టి, రాయికి మామిడాకుల తోరణం కట్టి, చెంబుడు పానకంతో నిలబడ్డాడు. రైలు రాలేదు. మరునాడు పొద్దున నల్లబల్ల వెలిసింది: "ఆలస్యం ఒక రోజు."

"ఒక దినమే గదా, వస్తాదిలే" అన్నాడు ఊళ్లోవాళ్లతో. వాళ్లు పడీపడీ నవ్వారు.

పెండ్లాం చంద్రకాంతమ్మ నవ్వలేదు. "ఏమయ్యా, ఇంట్లో ఉప్పు నిండుకుందని నాలుగు దినాలుగా చెప్తా ఉండా. దానికి బల్ల కట్టవే?" అంది.

"ఉప్పు ఎంత లేటో చెప్పు, రాసేస్తా" అన్నాడాయన.

పలమనేరు పోయే మొదటి బస్సు సరిగ్గా ఆరు నలభైకి ఆ దారిన వెళ్లేది. అది ఎక్స్‌ప్రెసు. నాగరాజకండ్రిగలో ఆగదు. ఎక్కాలనుకున్నవాళ్లు మైలున్నర అవతల కూడలికి నడవాలి. మునిరామయ్య బల్ల కట్టిన కొత్తలో ఒకరోజు ఆ బస్సు డ్రైవరు ప్రతాప్‌కు రోడ్డు పక్కన ఎర్రజెండా ఊపుతున్న మనిషి కనబడ్డాడు. ప్రతాప్ బ్రేకు మీద నిలబడ్డాడు. బస్సు కీచుమంటూ ఆగింది. లోపల ఒక కోడిబుట్ట దొర్లింది.

"ఏమైందబ్బా? వంతెన కూలిందా?"

"వంతెనకేం, రాయిమాదిరి ఉండాది. మన రైలు పదిహేడు దినాలు లేటు. అందుకని ప్రయాణికులు ఎవురన్నా ఉంటే ఈ పొద్దుకు నీ బస్సులో ఎక్కించుకోమని మనవి."

ప్రతాప్ ఒక నిమిషం నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత స్టీరింగు మీద తలవాల్చి కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. ఆయన నవ్వు ముగిసేలోపు ఊరివాళ్లు నలుగురు ఎక్కేశారు. పూలగంపల వాళ్లు, పాలక్యాను మనిషి, బంగారుపాళ్యం ఆడపిల్లకాయల హాస్టల్లో వంట చేసే నాగులమ్మ.

అప్పట్నుంచి అదొక ఆనవాయితీ అయిపోయింది. డిపోలో ఎంత తలనొప్పి పడి వచ్చినా ప్రతాప్ ఈ రాయి దగ్గర బస్సు నెమ్మది చేసి తల బయట పెట్టేవాడు. "ఏం మాస్టరూ! ఎంత లేటు?"

"ఉండప్పా, రాస్తా ఉండా."

ఈ రాయడమే ఒక పెద్ద వేడుక. మునిరామయ్య అక్షరాలు చెక్కుతున్నట్టు రాసేవాడు. 'ఆ'కు సుడి సరిగ్గా రాలేదని చెరిపేసేవాడు. 'న'కు తలకట్టు బాగలేదని మళ్లీ పెట్టేవాడు. అంతా అయ్యాక రెండడుగులు వెనక్కి వేసి, తల వంచి చూసి, "అధికమాసం కలిపినానా?" అని వేళ్లు లెక్కపెట్టుకునేవాడు. రైలు రావాల్సిన నాటి నుంచి అధికమాసాలు నాలుగు దాటాయి. వాటిని ఆలస్యంలో కలపాలా వద్దా అన్నది ఆయనకు ఏ రోజుకారోజు కొత్తగా పుట్టే ధర్మసందేహం.

"అధికమాసంలో శుభకార్యాలు చేయరు గదా ప్రతాపూ. రైలు రావడం శుభకార్యమే గదా. అట్టయితే ఆ నెలలు లేటు కిందికి రావు. ఏమంటావు?"

"నేనేమంటా మాస్టరూ, నాకు టైమైపోతా ఉండాది!"

"అదే, టైము సంగతే నేనూ చెప్తా ఉండేది." మొత్తం చెరిపి మొదటినుంచి.

బస్సులో వెనక సీటు వాళ్లు కేకలు పెట్టేవారు. ముందు సీటు వాళ్లు పందేలు కాసేవారు, ఈ పొద్దు అధికమాసం కలుపుతాడని ఒకరు, కలపడని ఒకరు. ఆఖరి చుక్క పెట్టి ఆయన జెండా దించితేగాని ప్రతాప్ గేరు వేసేవాడు కాదు. డిపోలో అడిగితే, "ఆడ సిగ్నలు పడలేదు సార్" అని చెప్పేవాడట.

పోస్టాఫీసు వసారాలో కూర్చుని జయరావు తల పట్టుకునేవాడు. ఆయనది నిమిషానికి అరవై ముద్రలు కొట్టే చెయ్యి. ఒక్క వాక్యం రాయడానికి ఇంత సేపు పట్టే మనిషిని ఆయన లోకంలో ఎక్కడా చూడలేదు.

ఆ అక్షరాలతోనే మునిరామయ్య అర్జీలు కూడా రాసేవాడు. రైల్వే పెద్దాఫీసుకు నెలకొకటి, శ్రీవారికి దణ్ణం పెట్టుకుని పోస్టులో వేసేవాడు. జయరావు చేతిమీదుగా పోయినవే నూరు దాటాయి. మూడుకొకటి చొప్పున జవాబు వచ్చేది. అది ఇంగ్లీషులో ఉండేది కాబట్టి జయరావే చదివి చెప్పాలి. 'పరిశీలనలో ఉన్నది' అని ఒకసారి. 'సగం ఖర్చు రాష్ట్రం భరిస్తే ఆలోచిస్తాం' అని ఒకసారి. రాష్ట్రం వాళ్లకు రాస్తే, 'రైలు పట్టాల ఖర్చు రైలు వాళ్లదే' అని ఇంకోసారి.

"అయిపోయింది పెద్దాయనా. వీళ్లు వాళ్లమీద, వాళ్లు వీళ్లమీద" అన్నాడు జయరావు.

మునిరామయ్య ముఖం వెలిగిపోయింది. "అంటే సంబంధం కుదిరినట్టే గదప్పా! పందిరి ఖర్చు ఎవురిదనే గదా ఇప్పుడు తకరారు. ఆడదాకా వచ్చిన పెండ్లి యాడన్నా ఆగిందా?"

"ఆలోపల పెండ్లికూతురికి పండ్లూడిపోతాయి" అంది చంద్రకాంతమ్మ, వినబడేట్టుగా.

తొంభై ఎనిమిదిలో వచ్చిన ఉత్తరం మాత్రం మరిచిపోలేనిది. జయరావు చదివి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. ఫైలు సజీవంగా ఉంచడానికి గాను ఆ లైనుకు ఆ సంవత్సరం వెయ్యి రూపాయలు కేటాయించారు. అక్షరాలా వెయ్యి.

మునిరామయ్య భుజమ్మీది తువ్వాలు తీసి నడుముకు కట్టుకున్నాడు. "వెయ్యి! అప్పా, మన ఊరి పేరు రాసి, దాని పక్కన వెయ్యి అని రాసినారా?"

"పెద్దాయనా, కిలోమీటరుకు నలభై నాలుగు లక్షలంట. ఈ వెయ్యికి ఎంత లైను పడతాదో తెలుసునా? జానెడు! ఈ లెక్కన పద్దెనిమిది కిలోమీటర్లు పడాలంటే..." జయరావు కాగితం మీద గుణించి, తన లెక్క తనే నమ్మలేక మళ్లీ గుణించాడు. "డెబ్బై తొమ్మిది వేల రెండువందల ఏండ్లు!"

వసారాలో ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. మునిరామయ్య మాత్రం వేళ్లు మడిచి ఏదో లెక్కపెట్టుకున్నాడు.

"కలియుగం మొత్తం ఎన్నేండ్లు? నాలుగు లక్షల ముప్పై రెండువేలు. అందులో అయిదువేలే గదా అయింది. ఇంకా బోలెడు టైముండాది. స్వామి కొండ దిగేలోపల రైలొచ్చేస్తాది. ఎందుకు భయపడతావు?"

ఆ సాయంత్రమే సున్నం తెచ్చి, సర్వే రాయి నుంచి చిత్తూరు వైపుకు తన చేత్తో జానెడు కొలిచి నేలమీద గీత గీశాడు. మరుసటి ఏడాది ఇంకో వెయ్యి వచ్చింది. ఇంకో జానెడు. నాలుగేళ్లకు రెండు మూరల లైను పడింది. పొద్దున్నే పూలగంపల వాళ్లు ఆ గీతల్ని తొక్కబోతే అదిలించేవాడు. "సూసి నడవండమ్మా, పట్టాలు!"

జయరావుకు నవ్వు వచ్చేది. నవ్వు ఆగాక ఆ గీతల వైపే చూస్తుండిపోయేవాడు. తాను ఆదివారం ఆదివారం ప్రార్థించేటప్పుడు కూడా అంత నమ్మకంగా అడగలేదేమోననిపించేది.

రెండువేల రెండులో, శ్రావణమాసపు శుక్రవారం, ఆ ఉత్తరం వచ్చింది. మునిరామయ్య ఇంకా రాలేదు కాబట్టి, ఎప్పట్లాగే జయరావు ముందుగా చదివి పెట్టుకుందామని విప్పాడు. చిన్న ఉత్తరం. నిధులు చాలనందునను, ప్రయాణికుల సంఖ్య చాలనందునను, ప్రతిపాదనను విరమించుకోవడమైనది. ఇక మీదట ఈ విషయమై ఉత్తరాలు రాయనక్కరలేదు.

జయరావు దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. శనివారం చెబుదామనుకున్నాడు. శనివారం మునిరామయ్య రాయికి కొత్త బొట్టు పెడుతూ కనబడ్డాడు. చెప్పలేకపోయాడు. ఆదివారం చర్చిలో ఆ కాగితం జేబులోంచి గుండెను పొడుస్తూనే ఉంది. రానన్న రైలును లేటని రాయనిస్తే అబద్ధానికి సాక్షి అయినట్టు. చెప్పేస్తే ఆయన రేపటి నుంచి పొద్దున లేచి ఏం చేస్తాడు?

ఆ మధ్యాహ్నం మునిరామయ్య బావి దగ్గర పాచిమీద జారి పడ్డాడు. మోకాలి కింద ఎముక విరిగింది. అప్పటికప్పుడు జీపు మాట్లాడి పుత్తూరు తీసుకుపోయారు. అక్కడ ఆకుపసరు పూసి, వెదురు దబ్బలు పెట్టి కట్టు కట్టారు. సోమవారం రాత్రికి ఇంటికి చేర్చారు. ఆరు వారాలు మంచం దిగకూడదన్నారు.

సోమవారం పొద్దున నల్లబల్లమీద ఆదివారం నాటి రాతే ఉంది. జెండా లేదు. బస్సు దగ్గరికి వచ్చింది. ప్రతాప్ అటూ ఇటూ చూశాడు. కనబడవలసిన మనిషి కనబడలేదు. నెమ్మదించి, కాస్త ఊగిసలాడి, వేగమందుకుని వెళ్లిపోయాడు. గంపలవాళ్లు తిట్టుకుంటూ కూడలికి నడిచారు. అప్పుడు జయరావుకు దూరంగా కాలువ మీది మోరీ వంతెన దగ్గర నాగులమ్మ కనబడింది. చిన్నప్పుడు జ్వరమొచ్చి చచ్చుబడిన ఎడమకాలును ఈడ్చుకుంటూ, చేతికర్ర ఊతంతో అంతదూరం వచ్చి, ఖాళీ రోడ్డును చూసి నిలబడిపోయింది. తర్వాతి బస్సు ఎనిమిదికి. అప్పటికి హాస్టలు పిల్లకాయలు ఖాళీ కడుపులతో బడికి పోయుంటారు.

మంగళవారం జయరావు ఒక నిర్ణయానికి వచ్చాడు. నిజమో అబద్ధమో తర్వాత చూసుకోవచ్చు, ముందు బస్సు ఆగాలి. తానే సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాడు. బస్సు వచ్చింది.

"ఏం పోస్టుమాస్టరూ, ప్రమోషనా? ఎంత లేటు?" ప్రతాప్ తల బయట పెట్టాడు.

జయరావు ముద్రలు కొట్టే చేత్తో చకచకా రాసేశాడు: తొమ్మిదేళ్ల నాలుగు నెలల పదమూడు రోజులు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఒక్క తప్పు లేదు. గంపలవాళ్లు ఎక్కారు. ప్రతాప్ చదివాడు, నవ్వాడు, గేరు వేశాడు. బస్సు వెళ్లిపోయింది.

జయరావు తృప్తిగా చేతులు దులుపుకుని వెనక్కి తిరిగాడు. మోరీకి ఇవతల, ఇంకా నూరు గజాల దూరంలో, నాగులమ్మ.

ఆమె దగ్గరికొచ్చి రాయి పక్కన కూలబడింది. "వార్డెనమ్మ కబురంపింది సామీ. వరసగా మూడు దినాలు రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటారంట. ఈ పొద్దుతో రెండు."

"నువ్వింకొంచెం ముందుగా బయలుదేరాల గదమ్మా?"

"నేనెప్పుడూ బయలుదేరే టైముకే బయలుదేరినా. పశువులకు నీళ్లు పెట్టి, నాయనకు సంగటి పెట్టి వస్తా. తొమ్మిదేండ్లలో ఒక్కనాడూ బస్సు తప్పిపోలేదు. నిన్న రాసేవాళ్లు లేక పోయింది, ఈ పొద్దు మీరు రాసినాక గూడా పోయింది."

జయరావు బల్ల వైపు చూశాడు. తను రాసిన వాక్యం వైపు చూశాడు. మోరీ నుంచి రాయి దాకా ఉన్న దారి వైపు చూశాడు. సుడి సరిగ్గా రాని 'ఆ' గుర్తొచ్చింది. చెరిపి మళ్లీ పెట్టిన తలకట్లు గుర్తొచ్చాయి. అధికమాసం గుర్తొచ్చింది. ఒక్కొక్కటీ ఆమె వేసే ఎన్ని అడుగులకు సమానమో లెక్క కట్టబోయి, కట్టలేక, నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. తొమ్మిదేళ్లు! రోజూ తన కళ్లెదుటే!

నేరుగా మునిరామయ్య ఇంటికి నడిచాడు. ఆయన వెదురు దబ్బల కాలు దిండుమీద పెట్టుకుని మంచంమీద ఉన్నాడు.

"పెద్దాయనా, ఆరు నలభై రైలని ఆ ఇంజనీరు చెప్పినాడా?"

"లేదప్పా. ఆయన ఎనిమిదిన్నరకని చెప్పినాడు. నేనే కొంచెం ముందుకు జరిపినా." దొంగతనం బయటపడ్డవాడిలా నవ్వాడు.

"నాగులమ్మ కోసమని ప్రతాప్‌కు చెప్తే ఆపడా? ఇంత నాటకమెందుకు?"

"మెల్లగా మాట్లాడు, చంద్రకాంతం వింటాది. ప్రతాపు ఆపుతాడు. ఆయమ్మ ఎక్కదు. నేను అడిగి సూసినా గదా మొదట్లోనే. 'నా కుంటికాలును సూపించి బస్సు ఆపేదానికి నేనేమన్నా బిచ్చమెత్తినానా మామా' అనింది. తన కోసం ఆపిన బస్సైతే ఎక్కదు. ఊరికే ఆగి ఉండే బస్సైతే ఎక్కతాది. మరి ఊరికే ఆగాలంటే ఎవురన్నా ఒక పిచ్చోడు ఉండాల గదా."

జయరావు మంచం పక్కన కూర్చున్నాడు. తర్వాత జేబులోంచి ఉత్తరం తీశాడు. "ఇది శుక్రవారం వచ్చింది. నాకు చెప్పబుద్ధి కాలేదు. లైను వద్దనుకున్నారంట. పూర్తిగా."

మునిరామయ్య ఉత్తరం తీసుకుని కళ్లకద్దుకున్నాడు. దిండు కింద నుంచి ఇంకొకటి తీసి చూపించాడు. పాతబడి మడతల్లో చిరిగింది.

"ఇదీ అదే మాట. నువ్వు తొంభై ఏడులో మీ చెల్లెలి పెండ్లికని వేలూరు పోయింటివి సూడు, అప్పుడొచ్చింది. చిత్తూరులో చదివించుకున్నా. మళ్లా రాసినా. మళ్లా ఫైలు తెరిచినారు. మరుసటేడు వెయ్యి రాలేదా? తలుపు మూసినారంటే లోపల మనుషులుండారనే గదప్పా అర్థం."

"అయితే ఇప్పుడు గూడా..."

"కాలు కుదురుకోనీ, రాస్తా. రైలొస్తాది. దాని సంగతి నిదానంగా సూసుకుందాము. కానీ రేపటి బస్సు నిదానంగా రాదు." ఆయన దిండు కింద మళ్లీ వెతికి, ఒక సుద్దముక్క తీసి జయరావు చేతిలో పెట్టి, ఆ చేతిని రెండు చేతులతో మూశాడు. "ఒక్క సాయం చెయ్యి నాయనా. ఆరు వారాలే. నీది మంచి రాత, అందరికీ తెలుసు. ఆ మంచి రాత ఈ నలభై దినాలు పక్కన పెట్టు. మోరీ వైపు సూడొద్దు, ఆయమ్మకు తెలిసిపోతాది. కర్ర చప్పుడు దగ్గరికొచ్చేదాకా రాస్తానే ఉండు. అయిపోయిందనుకో, అధికమాసం కలిపినానా అని ప్రతాపును గట్టిగా అడిగి, మొత్తం చెరిపి మళ్లా మొదలుపెట్టు. మెల్లగా రాయప్పా. శానా మెల్లగా."